పెరుగన్నం గిన్నెలోకి నీళ్ళు

మే నెలాఖరు వచ్చిందంటే చాలు, మా ఫ్రీమాంట్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో రెండే రెండు విషయాలు నడుస్తాయి. మామిడిపళ్ళ పెట్టెలు ఏ కొట్టుకి వచ్చాయి అన్నది ఒకటి. కాంపింగుకి ఏ కూలర్ కొనాలి అన్నది రెండోది. నలభై డాలర్లది చాలని ఒకరు, నాలుగొందల డాలర్లది కొంటే ఐసు ఐదు రోజులు ఆగుతుందని ఇంకొకరు. ఈసారి నన్ను కూడా అడిగారు. "నువ్వు బాగా సర్దుతావటగా, మీది ఏ కంపెనీ?" అని. మాది పదేళ్ళ కిందట గరాజ్ సేల్‌లో పది డాలర్లకి కొన్న నీలం రంగు పెట్టె. మూత తెలుపు. 45 లీటర్లు పడుతుంది. గొప్పేమీ లేదు. దాన్ని నేను బాగా సర్దుతానన్న పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే మాత్రం, నేను దాన్ని బాగా సర్దని రోజు గురించి ముందు చెప్పాలి. ఇప్పటిదాకా ఇక్కడ రాయలేదు. రాయడానికి మనసొప్పలేదు.

మూడేళ్ళ కిందట అత్తయ్య గారు భీమవరం నుంచి వచ్చి మా దగ్గర ఆరు నెలలున్నారు. జులైలో యోసెమిటీలో అప్పర్ పైన్స్ అనే చోట టెంటు వేసుకోవడానికి స్థలం దొరికింది. అక్కడ చోటు దొరకడమంటే వైకుంఠ ఏకాదశి నాడు తిరుమలలో గది దొరికినట్టే. మూడు రాత్రులు. అత్తయ్య గారికి 71 ఏళ్ళు, షుగరు, బీపీ. వద్దంటారేమో అనుకుంటే ఆవిడే అందరికంటే ముందు తయారయ్యారు. "కూలర్ కడిగారా?" అని మా వారు అడిగితే, "అడవిలోకి కూలరెందుకురా, అక్కడ కరెంటుంటుందా?" అన్నారు. ఆవిడ దృష్టిలో కూలరంటే కిటికీకి పెట్టుకుని నీళ్ళు పోసేది. పెట్టె చూపించాక "ఇది ఐసు పెట్టె కదా" అన్నారు. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు ఐసు పెట్టే.

ఆ రోజు పొద్దున్న నేను చేసినవన్నీ వరసగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి. పెట్టె వారం రోజులుగా గరాజులో ఉంది, చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగిలింది. అలాగే తెచ్చి సర్దేశాను. అత్తయ్య గారికి రాత్రిపూట పెరుగన్నం లేనిదే నిద్ర పట్టదు కనక, అప్పుడే వార్చిన అన్నంలో పాలు పోసి, కాస్త పెరుగు కలిపి, స్టీలు క్యారేజీ గిన్నెలో పెట్టి మూత బిగించాను. వేడి తగ్గేదాకా ఆగలేదు. బయల్దేరే హడావిడి మరి. ఉప్పూ కారం పసుపూ పట్టించిన చికెన్ జిప్పు సంచిలో పెట్టాను, ఒక్క సంచిలోనే. పాలు, దోశల పిండి, కొత్తిమీర పచ్చడి, తరిగిన దోసకాయ ముక్కలు, బ్రెడ్డు. పెట్రోలు బంకులో పది పౌండ్ల ఐసు సంచులు రెండు కొని, చింపి, పైనుంచి గుమ్మరించాను. ఆ పైన పిల్లల కూల్‌డ్రింకు డబ్బాలు. మూత వేసి దాని మీద కూర్చుంటే గాని పడలేదు. ఎంత బాగా సర్దానో అనుకున్నాను.

యోసెమిటీ లోయలో జులై ఎండ 90 ఫారన్‌హీట్ దాకా వస్తుంది. పిల్లలు పది నిమిషాలకోసారి మూత తీసి డబ్బాలు లాగుతూనే ఉన్నారు. అక్కడ ఎలుగుబంట్ల భయం వల్ల తిండి, కూలర్, ఆఖరికి పళ్ళపొడి కూడా ప్రతి టెంటు స్థలానికీ ఇచ్చే ఇనప బీరువాలో పెట్టి గడియ వెయ్యాలి. టెంటులో ఒక్క బిస్కెట్టు పొట్లం కూడా ఉండకూడదు. "ఉట్టి కడితే సరిపోదూ?" అన్నారు అత్తయ్య గారు. నిజానికి ఒకప్పుడు అక్కడ కొండలెక్కేవాళ్ళు చెట్టుకొమ్మలకి తిండి సంచులు వేలాడగట్టేవారట. ఎలుగుబంట్లు ఆ విద్య కూడా నేర్చేసుకున్నాయి కనక ఇప్పుడు అలా కట్టడం నిషేధం. "మా పిల్లి ఎంతో నయం" అన్నారావిడ. అదే నవ్వు, ఆ ప్రయాణంలో.

రెండో రోజు సాయంత్రం పెట్టె తెరిచాను. ఐసు పలుకు కూడా లేదు. సగానికి నీళ్ళు, పసుపు రంగులో. చికెన్ సంచి మూల పిగిలింది. బ్రెడ్డు తెప్పలా తేలుతోంది. దోసకాయ ముక్కల డబ్బాలోకి, పచ్చడిలోకి నీళ్ళు వెళ్ళాయి. పెరుగన్నం గిన్నె ఒక పక్కకి ఒరిగి సగం మునిగి ఉంది. మూత తీస్తే అంచు చుట్టూ పసుపు గీత.

చికెను, బ్రెడ్డు, దోసకాయలు, పచ్చడి, అన్నీ చెత్తలో పోశాను. పిల్లలకి స్టవ్ మీద నూడుల్స్ చేశాను. పెరుగన్నం కూడా పారెయ్యబోతుంటే అత్తయ్య గారు చెయ్యి పట్టుకున్నారు. "అన్నం పారేస్తావేమిటమ్మా. ఆ అంచు తీసేసి నాకు పెట్టు. నాకేం కాదులే."

నిజం చెప్పాలి. నాకు అనుమానం వచ్చింది. అది నా పిల్లలకి నేను పెట్టేదాన్ని కాదు. కాని అప్పటికి పొద్దున్నుంచీ నించునే ఉన్నాను. ఆవిడకి నూడుల్స్ పడవు, మళ్ళీ అన్నం వండాలంటే గాసు బండ అయిపోవచ్చింది. ఆవిడే అడిగారు కదా అనుకున్నాను. చెంచాతో అంచంతా గీకి తీసేసి, మధ్యలోది కంచంలో పెట్టి, ఆవకాయ ముక్క వేసి ఇచ్చాను. ఆవిడ కంచం కడిగినంత శుభ్రంగా తిన్నారు.

రాత్రి రెండింటికి నన్ను తట్టి లేపారు. పక్కనే ఉన్న కొడుకుని కాదు, నన్ను. "అమ్మాయ్, నాకు బాగోలేదు." టార్చిలైటు పట్టుకుని బాత్రూముల దాకా నాలుగుసార్లు నడిపించాను. నాలుగోసారి దారిలోనే కూలబడిపోయారు. ఒళ్ళంతా చెమటలు. ఫోనుకి సిగ్నల్ లేదు. పిల్లల్ని పక్క టెంటు వాళ్ళకి అప్పగించి, కారులో పడుకోబెట్టి, ఆ చీకట్లో కొండ దిగి కింద ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళడానికి గంటకు పైనే పట్టింది. ప్రతి మలుపులోనూ ఆవిడ మూలుగు వినపడుతుంటే కొంచెం నయం, వినపడకపోతే భయం.

సెలైను ఎక్కించారు. డాక్టరమ్మ "నిన్నటి నుంచి ఏమేం తిన్నారు?" అని అడిగింది. మా వారు నా వైపు చూశారు. అత్తయ్య గారు కళ్ళు తెరవకుండానే, "నేనే అడిగి తిన్నానని చెప్పమ్మా" అన్నారు నాతో తెలుగులో. ఆ ముక్క నేను ఇంగ్లీషులోకి మార్చలేకపోయాను. ఏం జరిగిందో అదే చెప్పాను, గిన్నె, పసుపు నీళ్ళు, అంచు తియ్యడం. ఆవిడ అంతా రాసుకుని, పచ్చి చికెన్ నీళ్ళే కారణం కావచ్చు, అన్నమే కావచ్చు అంది. వండిన అన్నం వెచ్చగా గంటల తరబడి ఉండిపోతే అందులో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి విషం విడుస్తుందట, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదట. వేడి గిన్నె మూత బిగించి ఐసులో పెడితే ఐసు త్వరగా కరుగుతుంది, మధ్యలో అన్నం మాత్రం చాలాసేపు వెచ్చగానే ఉంటుంది అని చెప్పింది. ఇరవై ఏళ్ళుగా వంట చేస్తున్నాను. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు, నాకు తోచనూ లేదు.

రెండు రోజులు అక్కడే ఉంచారు. విజిటర్ ఇన్సూరెన్సు సంగతి, బిల్లు సంగతి ఇక్కడ రాయను. తల్లిదండ్రుల్ని పిలిపించుకున్నవాళ్ళకి ఆ గుండెదడ నేను చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక వారం పాటు మా వారు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ఒకరోజు వంటింట్లో ఉండగా అత్తయ్య గారు ఫోనులో మా ఆడపడుచుతో మాట్లాడడం వినపడింది. "ఏం లేదే, కొండల్లో ఎండ తగిలింది. ఇప్పుడు బానే ఉన్నాను. కోడలు చూసుకుంటోంది." నేను పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆ పెట్టెని పెరట్లోకి లాగి బేకింగ్ సోడా వేసి రుద్దుతున్నాను. ఎవరికైనా ఇచ్చేద్దామని. అత్తయ్య గారు కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. కాసేపు చూసి, "దీనికి కన్నం ఉందే" అన్నారు. అడుగున పక్కగా ఉండే బిరడా. ఇన్నేళ్ళలో నేను దాన్ని ఒక్కసారీ విప్పలేదు. "కన్నం ఉండగా నీళ్ళెందుకు నిలిచాయి?"

అప్పుడు చెప్పుకొచ్చారు. వాళ్ళ నాన్నగారు ఆకివీడులో చేపల వ్యాపారం చేసేవారు. కొల్లేటి చేపలు రైలెక్కి కలకత్తా వెళ్ళేవి. ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే విన్నాను గాని, అది నాకు పనికొచ్చే సంగతి అని ఎప్పుడూ అనుకోలేదు. ఐసు ఫ్యాక్టరీ నుంచి పలకలు వస్తే ఊక పోసి, గోనెలు కప్పి ఉంచేవారట. ఇనప కొక్కెంతో లాగి, గంపలు కట్టే ముందు మాత్రమే కొయ్య సుత్తితో కొట్టేవారట. ముందే కొడితే సగం దారిలోనే నీళ్ళు. గంప అడుగున ఐసు, ఆ పైన చేపలు, మళ్ళీ ఐసు, మళ్ళీ చేపలు, అన్నిటికంటే పైన మందంగా ఐసు. "చల్లదనం కిందికి దిగుతుందమ్మా, పైకి ఎక్కదు." కరిగిన నీళ్ళు గంప సందుల్లోంచి కారిపోవాలి, చేప ఆ నీళ్ళలో నానితే కుళ్ళుతుంది. చివర గోనె కప్పి దబ్బనంతో కుట్టేసేవారు. దారిలో ఎవరూ విప్పడానికి వీల్లేదు. "మీ పిల్లలు తీసినన్నిసార్లు మూత తీస్తే మా నాన్న దివాలా తీసును" అన్నారు.

నేను రుద్దడం ఆపి వింటున్నాను. ఇంటర్నెట్టులో ఈ పెట్టె గురించి ఎన్ని వీడియోలు చూశానో లెక్క లేదు. చేపల గంపల మధ్య పెరిగిన మనిషి నా ఇంట్లోనే ఉంటే ఒక్క మాట అడగలేదు. "అప్పుడే చెప్పలేకపోయారా అత్తయ్యా" అన్నాను. "మీ సరుకు, మీ దేశం. నాకేం తెలుస్తుందనుకున్నాను" అన్నారు.

పెట్టె ఎవరికీ ఇవ్వలేదు. సెప్టెంబరులో లేబర్ డే సెలవులకి లేక్ టాహో దగ్గర ఎవరో వదులుకున్న చోటు దొరికింది. మా వారు అమ్మని తీసుకెళ్ళనన్నారు. ఆవిడ "ఈసారి పెట్టె నేను సర్దుతా" అని తేల్చేశారు.

ఇద్దరం కలిసి సర్దాం. వాదించుకున్నాం కూడా. నీళ్ళు పారబొయ్యాలా వద్దా అన్నదే పెద్ద గొడవ. మా పెద్దవాడు పదకొండో క్లాసు సైన్సు పుస్తకం పట్టుకొచ్చి, ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీల వేడి లాక్కుంటుందనీ, అదే వేడి ఆ నీళ్ళకిస్తే సున్నా నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతాయనీ చెప్పాడు. అంటే చల్లదనం ఉన్నది ఐసు కరగడంలో. గుప్తోష్ణం అంటారు. నేను బి.ఏ. తెలుగు దాన్ని, నాకు దాంట్లో తెలిసిందల్లా గుణసంధి. కాని అర్థమైంది: కరిగిన నీళ్ళు కూడా ఇంకా ఐసంత చల్లగానే ఉంటాయి, వాటిని పారబోస్తే ఆ చోటులోకి వెచ్చటి గాలి వస్తుంది. కాబట్టి కూల్‌డ్రింకుల పెట్టెలో అయితే నీళ్ళు ఉంచుకోవడమే లాభం. తిండి పెట్టెలో అయితే అత్తయ్య గారి మాటే మాట, తిండికి నీళ్ళు తగలకూడదు. రెండూ కుదిరే ఉపాయం కూడా ఆవిడే చెప్పారు. "ఐసుని సీసాలో పెట్టు, కరిగినా సీసాలోనే ఉంటుంది." ఖాళీ పాల క్యాన్లు కడిగి, పైన నాలుగు వేళ్ళ వెలితి ఉంచి నీళ్ళు పోసి, మూడు రోజుల ముందే ఫ్రీజరులో పెట్టాం. వెలితి ఎందుకంటే నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి, నిండా పోస్తే క్యాను పగులుతుంది. పెద్ద గడ్డ మెల్లిగా కరుగుతుంది, చిన్న ముక్కలు తొందరగా చల్లబరిచి తొందరగా అయిపోతాయి. కరిగాక ఆ నీళ్ళు తాగొచ్చు కూడా.

వాడు పొడి ఐసు తెస్తానన్నాడు. మైనస్ 78 డిగ్రీలట, కరిగి నీళ్ళవదట, గాలైపోతుందట. ఆ గాలి బొగ్గుపులుసు వాయువు, అద్దాలు బిగించిన కారులో పేరుకుంటే ఊపిరాడదు. వద్దన్నాను. ఒకసారి పడ్డది చాలు.

ముందురోజు రాత్రే ఒక ఐసు సంచి పెట్టెలో వేసి, గోడలన్నీ చల్లబరిచి, పొద్దున్న పారబోశాం. అడుగున రెండు గడ్డ క్యాన్లు, వాటి మీద ఇడ్లీ పాత్రలోది చిల్లుల ప్లేటు. ఆ పైన ఆఖరి రోజుకి కావలసినవి ముందు, మొదటి రోజువి చివర, వెతకడానికి మూత తీసి పట్టుకోకుండా. అన్నీ రాత్రంతా ఫ్రిజ్జులో చల్లబడ్డవే. మూతలు బిగించే డబ్బాలు, ఒక్కోటీ కవరులో. పైన మళ్ళీ గడ్డకట్టిన సీసాలు. సందులున్న చోట ఇంకో సీసా, అదీ పట్టకపోతే మడిచిన తువ్వాలు. పచ్చి చికెన్ అసలు ఆ పెట్టెలోకే రాలేదు. రాయిలా గడ్డకట్టించి, రెండు సంచుల్లో చుట్టి, విడిగా చిన్న థర్మాకోల్ పెట్టెలో పెట్టి, మొదటి రాత్రే వండేశాం. పిల్లల డ్రింకులకి వేరే సంచి, వాళ్ళు ఎన్నిసార్లు తీసుకున్నా నాకు బాధ లేదు. లోపల ఆరు డాలర్ల థర్మామీటరు వేలాడదీశాను. 40 ఫారన్‌హీట్ దాటకూడదు. దాటి రెండు గంటలైతే పారెయ్యడమే, 90 దాటిన ఎండలో అయితే గంటే గడువు. ఈ లెక్క అట్ట మీద రాసి మూతకి అంటించాను, ఎవరైనా జాలిపడి చెయ్యి పట్టుకుంటారేమోనని.

అత్తయ్య గారు పాత నేత చీరలతో కుట్టిన బొంత ఒకటి మడిచి పెట్టె మీద వేశారు. అక్కడి ఇనప బీరువాలో బొంతతో సహా పెట్టాం. "బొంత కప్పితే వేడెక్కదా నాన్నమ్మా?" అంది మా చిన్నది. "బొంతకి వేడీ తెలీదు, చలీ తెలీదే. లోపలున్నదాన్ని లోపల ఉంచుతుందంతే" అన్నారావిడ.

మూడో రోజు సాయంత్రం థర్మామీటరు 38 చూపించింది. టాహో సరస్సు 6,200 అడుగుల ఎత్తులో ఉంది, రాత్రిళ్ళు చలి, యోసెమిటీ ఎండతో పోటీ ఏమిటి అని మా వారు ఇప్పటికీ అంటారు. కొంత నిజమే. అడుగు క్యాన్లో ఇంకా పిడికిలంత గడ్డ ఊగుతోంది. ప్లేటు మీద డబ్బాలన్నీ పొడిగా ఉన్నాయి. పెసరట్ల పిండి పులవలేదు.

పెరుగన్నం నేను పెట్టలేదు. మూడు రోజులూ ఆవిడకి చపాతీలతోనే సరిపెట్టాను. ఆ గిన్నె మళ్ళీ ఆ పెట్టెలో పెట్టే ధైర్యం లేకపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య గారు పెట్టె అడుగున చెయ్యి పెట్టి, చుట్టి చుట్టి కట్టిన కవరు ఒకటి తీశారు. నాకు తెలియకుండా బయల్దేరే ముందురోజే అన్నం కలిపి, వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, ఫ్రిజ్జులో పెట్టి చల్లారాక, సీసాల మధ్య దాచారు. మూత తీశారు. వాసన చూశారు. నాకు అందించారు. నేనూ వాసన చూశాను. థర్మామీటరు గుచ్చాను, 38. వేలితో అంచంతా తడిమి చూశాను, తడి లేదు. అయినా నా చేతులు ఒణుకుతూనే ఉన్నాయి.

ఆవిడ కంచంలో రెండు ముద్దలు పెట్టుకుని, తినబోతూ ఆగారు. నా వైపు చూశారు.

"ముందు నువ్వో ముద్ద తిను" అన్నారు, మొహంలో నవ్వేమీ లేకుండా.

తిన్నాను. పళ్ళు జివ్వుమన్నాయి. అప్పుడు ఆవిడ నవ్వి, ఆవకాయ సీసా మూత తిప్పడం మొదలుపెట్టారు. ఇటుపక్క నుంచి మా వారు కంచం పట్టుకుని వచ్చి, "నాకుందా?" అని అడిగారు.